పాలవెల్లిని మన చేతులతోనే కడదాం

భాద్రపద శుద్ధ చవితి నాడు విఘ్నేశ్వరుని పీఠానికి పైన పాలవెల్లి కట్టడం మన తెలుగువారి ఆచారం. ఆ చట్రం పాలపుంతకూ, దానికి వేలాడే ఫలాలు నక్షత్రాలకూ ప్రతీకలని పెద్దలు చెబుతారు.

నిరుడు ఒక గృహస్థు ఇంట వ్రతం చేయిస్తుండగా వారి చిన్నపాప నన్నొక ప్రశ్న అడిగింది. ‘పంతులుగారూ! ఈ మామిడాకులు రేపటికి వాడిపోతాయి కదా, ప్లాస్టిక్‌వి కడితే ఎప్పటికీ ఉంటాయిగా?’ అన్నది. ‘వాడిపోతాయి కనుకనే తల్లీ, ఏటేటా నీ చేతులతో మళ్లీ కట్టే భాగ్యం నీకు కలుగుతోంది’ అన్నాను.

కనుక ఈసారి పాలవెల్లిని ఇంటనే సిద్ధం చేయండి. వెదురు బద్దలను నిలువుగా, అడ్డంగా పేర్చి, నూలుదారంతో చతురస్రంగా బిగించండి. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టండి. నాలుగు మూలలకూ గట్టి తాళ్లు కట్టి వేలాడదీయండి. మామిడాకులు, మొక్కజొన్న పొత్తులు, వెలగకాయలు, దానిమ్మలు, బత్తాయిలు పిల్లల చేతనే కట్టించండి. బరువైన కాయలను నాలుగు వైపులా సమంగా సర్దితే చట్రం ఒరగదు. దీపారాధన కుందులను దానికి దూరంగా ఉంచండి.

పసివారు వేసిన ముడి వంకరగా ఉన్నదని విప్పి మళ్లీ కట్టకండి. స్వామికి కావలసినది వారి శ్రద్ధయే.

ఉద్వాసన అనంతరం ఫలాలను ఇరుగుపొరుగులకు ప్రసాదంగా పంచండి. ఆకులను చెట్టు మొదట వేయండి. చట్రాన్ని మాత్రం భద్రపరచండి. వచ్చే చవితికి దానిని అటక మీదనుంచి దించమని మీ పిల్లలే మిమ్మల్ని తొందరపెడతారు.