అమ్మ ఆర్డర్ల చిట్టా లాప్‌టాప్‌కెక్కింది!

మా అమ్మ టైలర్. సంక్రాంతి వస్తోందంటే బ్లౌజుల ఆర్డర్లన్నీ పాత క్యాలెండర్ వెనక రాసుకుంటుంది. ఓ కాగితం ఎగిరిపోయిందా, పండగపూట మాట పడాల్సిందే. అందుకే పైథాన్‌లో చిన్న విండో ఒకటి తయారుచేశా. పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే లిస్టులో చేరిపోవాలి, అంతే.

పైథాన్‌లో దీనికి టికింటర్ ఉంది. విండోస్‌లో అయితే పైథాన్‌తో పాటే వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. దాని వెనకున్న 'టీకే'ని అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో జాన్ ఔస్టర్‌హౌట్ తయారుచేశారు. మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. చూడ్డానికీ అలాగే ఉంటుందనుకోండి!

టైప్ చేసే గడి పేరు 'ఎంట్రీ', పేర్లు కనిపించేది 'లిస్ట్‌బాక్స్'. ఎంట్రీని 'గెట్' అని అడిగితే అందులో రాసింది ఇస్తుంది. దాన్ని లిస్ట్‌బాక్స్ 'ఇన్‌సర్ట్'కి ఇచ్చి, చోటు 'ఎండ్' అని చెబితే చివర్లో చేరుతుంది. ఎండ్ బదులు 0 ఇస్తే అన్నిటికంటే పైన. తర్వాత 'డిలీట్'తో గడి ఖాళీ చేస్తే ఇంకో పేరుకి రెడీ. లిస్టు పొడుగైతే కొత్త పేరు కింద దాక్కుంటుంది, 'సీ' అంటే అక్కడిదాకా జరిగి చూపిస్తుంది.

చాలామంది ఇరుక్కునేది ఎంటర్ కీ దగ్గర. బటన్ నొక్కితే మన ఫంక్షన్‌కి ఏమీ రాదు. 'బైండ్'తో ఎంటర్‌కి కలిపితే మాత్రం 'ఈవెంట్' అనే వస్తువొకటి వెంట వస్తుంది. ఫంక్షన్‌లో దానికి చోటిచ్చి, డిఫాల్ట్‌గా 'నన్' పెట్టేస్తే రెండిటికీ అదే పనిచేస్తుంది.

ఇదంతా చూసి అమ్మ ఒకే మాట అడిగింది: "కరెంటు పోతే ఇవన్నీ ఏమవుతాయిరా?"

కరెక్ట్ ప్రశ్న! మా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది మరి. లిస్ట్‌బాక్స్‌లో కనిపించేది తెరమీద బొమ్మే. విండో మూస్తే మాయం. అందుకే ప్రతి ఇన్‌సర్ట్ వెంటనే అదే పేరు ఫైల్ చివర కూడా రాయిస్తున్నా. తెలుగు పేర్లు కదా, ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8' అని తప్పకుండా చెప్పాలి. లేదంటే విండోస్‌లో ఎర్రర్ కొట్టే ఛాన్సుంది. యాప్ తెరవగానే ఆ ఫైల్‌లోంచి ఒక్కో పేరూ తీసి మళ్లీ ఇన్‌సర్ట్ చేయిస్తే సరి.

ఇచ్చేసిన బ్లౌజుల పేర్లు తీసేయాలంటే? 'కర్‌సెలెక్షన్' అడిగితే ఎంచుకున్న వరసల నంబర్లిస్తుంది. నాలుగైదు ఒకేసారి తీసేస్తుంటే కింద నుంచి పైకి రండి. పై నుంచి మొదలుపెడితే మిగతా నంబర్లు జరిగిపోయి, ఇంకా కుట్టని బ్లౌజు ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఫైల్‌నీ మిగిలిన పేర్లతో తిరగరాయించాలి.