గంజాయి వనంలో కుక్కపిల్ల

మీకు తెలుసా?

కల్లు తాగిన కోతి గెంతులేస్తుందంటారు. గంజాయి తిన్న కుక్క గెంతదు, నిలుచున్న చోటే తూలుతుంది. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో, కెనడాలో గంజాయి అమ్మకాలకు అనుమతి వచ్చాక ఇలా తూలుతూ పశువైద్యశాలకు చేరే కుక్కలు ఎక్కువయ్యాయి. ఆ సంగతులు కొన్ని...

● గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే రసాయనం. అది పట్టుకు వేలాడే గ్రాహకాలు మనిషి మెదడులోనూ ఉన్నాయి, కుక్క మెదడులోనూ ఉన్నాయి. అయితే నడకను, నిలకడను చూసుకునే చిన్నమెదడు ప్రాంతంలో అవి కుక్కకు మనకన్నా చాలా దట్టంగా ఉంటాయి. కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకీ వెనక్కీ ఊగుతూ కుక్క నిలబడే ఆ తీరుకు వైద్యులు ‘స్టాటిక్ అటాక్సియా’ అని పేరు కూడా పెట్టారు.

● ఒకప్పుడు ఆ తూలుడే కొలబద్ద! టీహెచ్‌సీని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోని విడదీసి చూపింది 1964లో. అంతకుముందు గంజాయి మందులో పసెంత ఉందో తేల్చడానికి దాన్ని కుక్కకు పెట్టి, తూలుతుందో లేదో చూసేవారు. 1916 నాటి అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం ఈ పరీక్షను చేర్చుకుంది.

● పట్టించేసే గుర్తు మరొకటుంది: తనకు తెలియకుండానే మూత్రం చుక్కలు చుక్కలుగా కారిపోవడం. దాంతోపాటు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, కనుపాపలు పెద్దవి కావడం, ఒళ్లు చల్లబడటం, గుండె నెమ్మదించడం కనిపిస్తాయి. తిన్న గంట రెండు గంటల్లో మొదలయ్యే ఈ అవస్థ చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

● ప్రాణం పోవడం అరుదే కానీ, అసలు జరగనిది కాదు. అమెరికాలోని కొలరాడోలో 2005 నుంచి 2010 దాకా గంజాయి పాలబడిన 125 కుక్కల వివరాలను పశువైద్యులు పరిశీలించారు. ఆ ఆరేళ్లలో కేసులు నాలుగు రెట్లయ్యాయి. చనిపోయినవి రెండు. ఆ రెండూ తిన్నది ఆకు కాదు, టీహెచ్‌సీ దట్టించిన వెన్నతో చేసిన తినుబండారాలు. అలా చేసిన బ్రౌనీ కేకులో చాక్లెట్ ఉంటే అదో విషం, ఎండుద్రాక్ష ఉంటే అది ఇంకో విషం. కుక్కకు ఆ రెండూ పడవు.

● దారిన పోతూ కూడా మత్తెక్కవచ్చు. మనిషి తిన్న గంజాయిలో కొంత మలంలో బయటికొస్తుంది. పార్కులో దాన్ని తిని మత్తులో పడ్డట్టు అనుమానించిన 15 కుక్కల ఉదంతాలను ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యులు ప్రచురించారు.

● పిల్లి ఏది పడితే అది తినదు. అయినా పచ్చటి ఆకు కనిపిస్తే కొరుకుతుంది, కుండీలోని గంజాయి మొక్కనైనా సరే. పిల్లులను మైమరపించే ‘క్యాట్‌నిప్’ మాత్రం గంజాయికి చుట్టం కాదు, పుదీనా కుటుంబంలోది.

● మనుషుల మూత్ర పరీక్ష కిట్‌ను కుక్క విషయంలో నమ్మలేం. టీహెచ్‌సీని కుక్క శరీరం మరో తీరులో విడగొడుతుంది. అందుకే తిన్న కుక్కకు కూడా ‘లేదు’ అని చూపించవచ్చు.

● టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. అందుకే పరిస్థితి విషమిస్తే వైద్యులు కొవ్వు ద్రావణాన్నే రక్తనాళంలోకి ఎక్కించి దాన్ని పట్టి లాగుతారు. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే.

● మన 1985 మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొమ్మల చివళ్లనే గంజాయి అంటుంది. వట్టి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, భంగు నూరేది దానితోనే. చట్టం చూపే ఈ తేడా కుక్క ఒంటికి తెలియదు. హోలీనాటి భంగు పకోడీ అయినా దానికి మత్తే.

సియాటిల్‌లోనో టొరంటోలోనో ఉన్న పిల్లల ఇంటికి వెళ్తున్నారా? ఆ ఊళ్లలో గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిలు దుకాణంలో దొరికే సరుకే. వచ్చిన అతిథి బల్లమీద మరిచిపోతే చాలు, కుక్క వాసన పట్టేస్తుంది. ఇంటి కుక్క ఎప్పుడైనా అలా తూలుతూ కనిపిస్తే ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయకండి. మత్తులో ఉన్న ప్రాణికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది దాచకుండా చెప్పండి. డాక్టరుకు కావలసింది మీ తప్పు కాదు, దాని ఒంట్లో ఏముందన్న సంగతి. కుక్క చెప్పలేదు కదా, మీరే చెప్పాలి.