మఖమలు కొమ్ము కుళ్ళకుండా

తెలుగులో ఆవుకు ఉన్నదీ కొమ్మే, దుప్పికి ఉన్నదీ కొమ్మే. జీవశాస్త్రంలో ఈ రెండూ వేరు. ఆవు కొమ్ము ఎముక మీద గోరులాంటి కెరాటిన్ తొడుగు; జీవితాంతం ఉంటుంది. దుప్పి కొమ్ము అచ్చంగా ఎముక. రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. మొలిచే నెలల్లో దాన్ని సన్నని నూగు ఉన్న చర్మం కప్పి ఉంచుతుంది. ముట్టుకుంటే వెచ్చగా, మెత్తగా ఉండే ఈ చర్మాన్నే మఖమలు అంటారు. కొమ్ముకు రక్తం ప్రధానంగా అందేది ఈ చర్మంలో పైకి పాకే ధమనుల నుంచే. ఎల్క్ వంటి పెద్ద జాతుల్లో కొమ్ము రోజుకు రెండు సెంటీమీటర్ల దాకా పెరగగలదు. దానికి తగ్గ సరఫరా అది. టెస్టోస్టిరాన్ పెరిగాక ఎముక గట్టిపడుతుంది, మఖమలు ఎండి పేలికలుగా ఊడుతుంది.

18వ శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ ఈ కొమ్మును చెట్టుకు కొమ్మ వేసినట్టు పెరిగేదిగా భావించాడు. ఫ్రెంచిలో జింక కొమ్ముకూ కలపకూ ఒకటే మాట. కొమ్మ, కొమ్ము అనే మాటలు చూసి తెలుగువాడైనా అదే పొరబాటు పడేవాడేమో!

అమెరికాలోని కెంటకీలో విల్లుతో జింకల వేట సెప్టెంబరు మొదట్లోనే మొదలవుతుంది. తెల్లతోక జింకల్లో కొన్నింటికి అప్పటికింకా మఖమలు రాలదు. దాన్ని ఉన్నదున్నట్టు గోడకెక్కించాలంటే, చనిపోయిన జంతువులను భద్రపరిచే ట్యాక్సిడెర్మిస్టుకు గడియారంతో పందెమే. ఎండిన కొమ్ముకు తుడుపు చాలు. మఖమలులో మాత్రం నెత్తురు నిండి ఉంటుంది. సెప్టెంబరు వేడికి గంటల్లోనే కుళ్ళు మొదలై నూగు జారిపోతుంది. అందుకే పని మొదలయ్యేదాకా కొమ్మును ఫ్రీజర్లో పెడతారు.

ముల్లును ముల్లుతోనే తీయాలి. చెడు తెచ్చే రక్తం ఏ నాళాల్లో ఉందో, మందు కూడా ఆ నాళాల్లోనే పోవాలి. కొనల దగ్గర గాటు పెట్టి, కొమ్మును తలకిందులుగా వేలాడదీసి రక్తం కార్చేస్తారు. తరవాత మొదలు దగ్గర నాళాల్లోకి సూదితో ఫార్మాలిన్, అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్, ఎక్కిస్తారు. గాట్ల నుంచి నెత్తురు పోయి ద్రావణం కారడం మొదలైతే లోపలంతా నిండినట్టు. పైపైన పూస్తే సరిపోతుందనుకునేవారు నూగు మధ్య ఉండే నూనె గ్రంథుల జిడ్డును మరచిపోతారు. పైగా ఫార్మాలిన్ కణజాలంలో ఇంకేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరే.

ఇక అసలు ముచ్చట. ఫార్మాల్డిహైడ్ అణువులో ఉన్నది ఒకే ఒక కార్బన్. అది ముందు ఒక ప్రొటీన్‌లోని లైసిన్‌కు అతుక్కుంటుంది; ఆ పైన పక్క ప్రొటీన్‌నూ పట్టుకుంటుంది. రెండింటి మధ్య ఒక కార్బన్ వంతెన మిగులుతుంది. ఇలాంటి కుట్లు లెక్కకు మిక్కిలిగా పడితే కొల్లాజెన్ పోగులు కదలని వలగా మారతాయి. సూక్ష్మజీవుల ఎంజైములకు ఆ వల కొరుకుడు పడదు. ఆ జీవుల సొంత ప్రొటీన్లకూ అవే కుట్లు పడి అవి చస్తాయి. ఉప్పు చేసేది ఇది కాదు. అది నీరు లాగుతుందంతే, తేమ తిరిగొస్తే కుళ్ళూ తిరిగొస్తుంది.

ఫార్మాల్డిహైడ్‌కున్న ఈ గుణం బయటపడిన తీరు చిత్రం. 1893లో జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాలిన్‌ను క్రిమిసంహారిణిగా పరీక్షిస్తుండగా ఆయన వేళ్ళ చర్మమే గట్టిపడింది. వేళ్ళకు జరిగింది కణజాలానికీ జరగాలి కదా అని ఆయన పరీక్షించి చూశాడు. ఆ పద్ధతే నేటికీ బయాప్సీ ముక్కలను కాపాడుతోంది.

కొమ్మును గడ్డకట్టించి శూన్యంలో మంచును నేరుగా ఆవిరిగా లాగేసే యంత్రాలూ ఉన్నాయి. రూపం బాగా నిలుస్తుంది, కానీ కుట్లు పడని ఆ చర్మం పురుగులకు విందు. ఇంకొందరు మఖమలును ఒలిచేసి జిగురు మీద కృత్రిమ నూగు చల్లుతారు. అది భద్రపరచడం కాదు, వేషం కట్టడం.

ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చేతి తొడుగులు, గాలి ధారాళంగా ఆడే గది తప్పనిసరి. మన దేశంలో సొంతంగా ఈ ప్రయోగానికి తావే లేదు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి కొమ్ము కూడా ‘ట్రోఫీ’యే, లైసెన్సు లేకుండా ట్యాక్సిడెర్మీ చేయడం నేరం.