యాభై రూపాయల టీకా

2009వ సంవత్సరం ఆరంభంలో గుజరాత్ రాష్ట్రంలోని మోడాసా పట్టణ ప్రాంతంలో కామెర్లు ప్రబలాయి. గుజరాత్ అనగానే తెలుగువారికి సూరత్ నగరపు మరమగ్గాలు, వాటిని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుండి తరలిపోయిన పద్మశాలి కుటుంబాలు గుర్తుకు వస్తాయి. మోడాసా సూరత్‌కు చాలా ఉత్తరాన, అప్పటి సాబర్‌కాంఠా జిల్లాలో ఉన్నది. కామెర్లు అక్కడివారికి కొత్త కావు. కలుషితమైన నీటి వలన వచ్చే కామెర్లు సాధారణంగా కొన్ని వారాలు పీడించి, రోగిని నీరసపరచి, తమంతట తామే తగ్గిపోతాయి.

ఈసారి వచ్చినవి అట్లా తగ్గలేదు. కళ్ళు పచ్చబడిన కొద్ది రోజులకే కొందరికి స్మృతి తప్పింది. కాలేయం పూర్తిగా చచ్చుబడి, పదులకొద్దీ మనుషులు మరణించారు. జబ్బుపడినవారి సంఖ్య వందలలోకి చేరింది. ఆరోగ్యశాఖవారు విచారించగా, రోగులలో చాలామంది అంతకు కొన్ని నెలల ముందు ఏదో ఒక చిన్న జబ్బుకు సూదిమందు వేయించుకొన్నవారేనని బయటపడింది. ఒకరికి వాడిన సిరంజినే మరొకరికి వాడినారు. ఆ సూదుల వెంట ఒకరి నుండి మరొకరికి పాకినది హెపటైటిస్ బి వైరస్.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలోని వైరస్ జన్యుపదార్థాన్ని పరిశీలించినప్పుడు, అందులో కొన్ని అక్షరాలు మారి ఉన్నట్లు తెలిసింది. వ్యాధి ఉగ్రరూపం దాల్చిన సందర్భాలలో ఇటువంటి మార్పులు ఇతర దేశాలలోనూ కనిపించాయి. అయితే జన్యువులో ఎన్ని మార్పులు వచ్చినా, ఆ వైరస్‌ను మనిషి నుండి మనిషికి మోసినది మాత్రం కడగని సూదియే. జ్వరం వచ్చినా, ఒళ్ళు నొప్పులైనా, సూది పడితే గాని వైద్యం జరిగినట్లు తోచని మన అలవాటుకు కూడా ఆ పాపంలో కొంత వాటా ఉన్నది.

ఈ విషాదంలో మరింత బాధ కలిగించే సంగతి వేరొకటి. ఈ వ్యాధి రాకుండా కాపాడే టీకా ప్రపంచంలో 1981 నుండి ఉన్నది. మోడాసాలో మరణాలు సంభవించేనాటికి హైదరాబాదులో అది పన్నెండేళ్ళుగా తయారవుతున్నది.

కాలేయానికి ఓర్పు ఎక్కువ. సగానికి పైగా పాడైపోయినా అది ఫిర్యాదు చేయకుండా పనిచేస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఆ ఓర్పునే ఆసరాగా తీసుకొంటుంది. పెద్దవారికి ఈ వైరస్ సోకితే, నూటికి తొంభై అయిదుమందికి పైగా దానిని కొన్ని నెలలలో జయిస్తారు. పుట్టిన బిడ్డకు తల్లి నుండి సోకితే లెక్క తలక్రిందులవుతుంది. అటువంటి శిశువులలో నూటికి తొంభైమంది దానిని జీవితాంతం మోస్తారు. పసిబిడ్డ శరీరానికి తనవారెవరో పరాయివారెవరో ఇంకా తెలియదు. వచ్చిన వైరస్‌ను ఇంటిమనిషిగా భావించి ఊరుకొంటుంది. ఆ బిడ్డకు కామెర్లు రావు, జ్వరం రాదు. బడికి వెళ్తాడు, పెళ్ళి చేసుకొంటాడు. నలభయ్యో యేటనో, యాభయ్యో యేటనో కడుపు ఉబ్బి, కాళ్ళు వాచి ఆసుపత్రికి వచ్చేసరికి కాలేయం గట్టిపడి ఉంటుంది, లేదా అందులో కణితి పెరిగి ఉంటుంది. మద్యం ముట్టని మనిషికి కాలేయం ఎట్లా చెడిందని బంధువులు ఆశ్చర్యపోతారు.

ఈ వైరస్‌ను వెదకబోయి ఎవరూ కనుగొనలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబెర్గ్ వివిధ జాతుల ప్రజల రక్తంలో ఉండే భేదాలను పరిశీలిస్తుండేవాడు. ఒకే వ్యాధి కొందరికి సోకి, మరికొందరికి ఎందుకు సోకదన్నది ఆయన ప్రశ్న. అనేకసార్లు రక్తం ఎక్కించుకొన్న ఒక రోగి సీరమ్, ఎక్కడో ఉన్న ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంతో కలిసినప్పుడు తెల్లని గీత ఏర్పడడం ఆయన సహచరులు గమనించారు. ఆ వింత పదార్థానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. మొదట దానికి రక్తపు క్యాన్సర్‌తో సంబంధం ఉన్నదేమోనని అనుమానించారు. 1967లో బ్లంబెర్గ్ ప్రయోగశాలలోనే పనిచేసే ఒక యువతికి నలతగా ఉండి, తన రక్తాన్ని తానే పరీక్షించుకొన్నది. అంతకుముందు ఆమె రక్తంలో లేని ఆ పదార్థం ఇప్పుడు కనిపించింది. వెనువెంటనే ఆమెకు కామెర్లు వచ్చాయి. ఆ పదార్థం కామెర్ల వైరస్ యొక్క పైపొర అని క్రమంగా రూఢి అయింది. ఆ యువతి కోలుకొన్నది. 1976లో బ్లంబెర్గ్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పుట్టినరోజైన జూలై 28ని నేడు ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నారు.

కామెర్ల వైరస్‌కు, క్యాన్సర్‌కు గల సంబంధాన్ని నిస్సందేహంగా నిరూపించినది తైవాన్‌లో జరిగిన పరిశోధన. పామర్ బీస్లీ అనే అమెరికా వైద్యుడు, ఆయన తైవాన్ సహచరులు 22,707 మంది పురుష ఉద్యోగుల రక్తాన్ని పరీక్షించి, సంవత్సరాల తరబడి వారి ఆరోగ్యాన్ని గమనించారు. వారిలో 3,454 మంది రక్తంలో వైరస్ ఉన్నది, 19,253 మందిలో లేదు. 1981లో ఫలితాలు ప్రకటించేనాటికి కాలేయ క్యాన్సర్‌తో 41 మంది మరణించారు. ఆ నలభై ఒక్కరిలో నలభైమంది వైరస్ ఉన్న గుంపువారే. ముప్పు 223 రెట్లు అధికమని లెక్క తేలింది. పొగాకుకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గల సంబంధం కూడా ఇంత బలమైనది కాదు.

వైరస్ ఈ పని ఎట్లా చేస్తుందో అణుజీవశాస్త్రం కొంతవరకు విప్పి చెప్పింది. దాని జన్యువు కేవలం 3,200 అక్షరాలది. మనిషి జన్యువులో అవి మూడు వందల కోట్లు. ఇంత చిన్న గ్రంథంతో అది కాలేయకణం కేంద్రకంలోకి ప్రవేశించి, గుండ్రని ఉంగరంవలె మారి, అక్కడ స్థిరపడుతుంది. కొన్ని తునకలు మనిషి జన్యువులోనే అతుక్కొనిపోతాయి. మరొకవైపు, శరీర రక్షకభటులు వైరస్ ఉన్న కణాలను చంపుతూ ఉంటారు. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుడతాయి. చావడం, పుట్టడం, మచ్చపడడం ఇట్లా ముప్పై నలభై సంవత్సరాలు సాగేసరికి, ఎక్కడో ఒక కణం జన్యులిపిలో తప్పు దొర్లి, అదుపు తప్పి పెరగడం మొదలుపెడుతుంది. నేటి మందులు వైరస్ వృద్ధిని అణచగలవు, క్యాన్సర్ ముప్పును తగ్గించగలవు. కేంద్రకంలో కూర్చున్న ఆ ఉంగరాన్ని మాత్రం పూర్తిగా పెకలించలేకున్నవి. అందువల్లనే టీకాకు అంత విలువ.

ఈ వైరస్‌కు ఒక దుబారా గుణం ఉన్నది. తనకు అవసరమైనదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా పైపొర మాంసకృత్తును తయారుచేసి, ఖాళీ గుళికలుగా రక్తంలోకి వదులుతుంది. లోపల జన్యువు లేదు కనుక ఆ గుళికలు వ్యాధిని కలిగించలేవు. శరీరానికి శత్రువు ఆనవాలు మాత్రం చూపగలవు. వాటినే టీకాగా వాడవచ్చునని బ్లంబెర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ 1969లోనే సూచించారు. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకా, వైరస్‌ను మోసేవారి రక్తం నుండి ఆ గుళికలను వడగట్టి శుద్ధిచేసినదే. ఎయిడ్స్ భయం వ్యాపించిన ఆ రోజులలో మనిషి రక్తం నుండి తీసిన మందు అంటే జనం జంకారు. అప్పుడు శాస్త్రజ్ఞులు పైపొరకు సంబంధించిన ఒక్క జన్యువును మాత్రం తీసి ఈస్ట్ కణంలో చేర్చారు. రొట్టెలు పొంగించే ఆ ఈస్టే గుళికలను తయారుచేసి ఇచ్చింది. 1986లో వచ్చిన ఆ టీకా, జన్యుసాంకేతిక విధానంలో మనుషుల కోసం రూపొందిన మొట్టమొదటి టీకా.

తైవాన్ ప్రభుత్వం 1984లో వైరస్ గల తల్లుల బిడ్డలకు, రెండేళ్ళ తరువాత శిశువులందరికీ టీకా ఆరంభించింది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలలో కాలేయ క్యాన్సర్ 1981–86 మధ్య ఏటా లక్షకు 0.70గా ఉండగా, 1990–94 నాటికి 0.36కు దిగింది. ఒక టీకా వలన క్యాన్సర్ తగ్గినట్లు ప్రపంచం చూడడం అదే మొదటిసారి.

ఆ వార్త 1997లో వెలువడింది. అప్పటికి మన దేశంలో నాలుగు కోట్లమంది ఈ వైరస్‌ను మోస్తున్నారని అంచనా. విదేశాల నుండి వచ్చే టీకా ఒక్కొక్క మోతాదుకు వందల రూపాయలు. మూడు మోతాదులు వేయించాలి. నెలజీతంతో ఇల్లు గడుపుకొనే గుమాస్తా తన ఇద్దరు పిల్లలకు వేయించాలంటే అప్పు చేయవలసినదే. కూలివాని మాట చెప్పనవసరం లేదు.

అంతకు అయిదేళ్ళ ముందు, 1992లో, నెల్లూరు జిల్లాకు చెందిన కె. ఐ. వరప్రసాదరెడ్డి జెనీవా వెళ్ళారు. ఆయన వైద్యుడు కాదు, జీవశాస్త్రజ్ఞుడూ కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. అక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశంలో హెపటైటిస్ బి గురించి మొదటిసారిగా విన్నారు. టీకా తయారుచేసే విధానాన్ని కొనడానికి ఒక పాశ్చాత్య సంస్థను సంప్రదించారు. వారు అసాధ్యమైన ధర చెప్పడమే గాక, ఆ సాంకేతికతను ఇచ్చినా భారతీయులు అందుకోలేరన్న ధోరణిలో మాట్లాడినారని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు చెప్పారు. మరుసటి సంవత్సరం తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. అవమానం నుండి పుట్టిన పరిశ్రమలు మన దేశంలో మరికొన్ని లేకపోలేదు; వాటిలో నిలిచినవి తక్కువ.

సొంత ప్రయోగశాల లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కొంతకాలం, ఆ తరువాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చోటు సంపాదించి యువ శాస్త్రజ్ఞులు పని సాగించారు. జన్యువును ఈస్ట్‌లో చేర్చడం కష్టమే గాని, అది సగం పని మాత్రమే. కోట్లాది కణాలను పగులగొట్టి, వాటి చెత్త నుండి కోరిన ఒక్క మాంసకృత్తును, అదీ గుళిక రూపం చెడకుండా, వేరుచేయడం అసలైన సమస్య. వారు పికియా పాస్టోరిస్ అనే మరొక జాతి ఈస్ట్‌ను ఎన్నుకొన్నారు. డబ్బు మరొక కష్టం. కట్టడాలను, యంత్రాలను చూసి అప్పులిచ్చే బ్యాంకులకు, సీసాలో పెరిగే ఈస్ట్ హామీగా కనిపించలేదు. చివరకు ఒమాన్ దేశపు విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టి, సంస్థలో సగం వాటా తీసుకొన్నారు. హైదరాబాదు బిడ్డల టీకాకు హైదరాబాదులో దొరకని సొమ్ము అరేబియా తీరాన దొరికింది.

1997 ఆగస్టులో ‘శాన్‌వ్యాక్ బి’ విడుదలయింది. మోతాదు ధర సుమారు యాభై రూపాయలు. దిగుమతి టీకాల ధరలు దిగిరాక తప్పలేదు. కొద్ది కాలానికే హైదరాబాదులోనే భారత్ బయోటెక్ సంస్థ తన టీకాతో పోటీకి వచ్చింది. రోటరీ, లయన్స్ క్లబ్బులు బడులలో టీకా శిబిరాలు పెట్టడం ఆ కాలంలో పరిపాటి అయింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శాంతా టీకాకు గుర్తింపునివ్వడంతో అది ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా ఇతర దేశాల శిశువులకూ చేరింది. 2009లో, అంటే మోడాసాలో మరణాలు సంభవించిన సంవత్సరంలోనే, సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ యాజమాన్యం క్రిందికి వెళ్ళింది.

ధర తగ్గినంత మాత్రాన టీకా ఇంటింటికీ చేరదు. ప్రభుత్వం 2002–03లో కొన్ని నగరాలలో, జిల్లాలలో ప్రయోగాత్మకంగా ఆరంభించి, దేశమంతటికీ విస్తరించేసరికి 2011–12 వచ్చింది. తైవాన్ కంటె పాతికేళ్ళు ఆలస్యం. ఈ జాప్యానికి ధరను నిందించడానికి వీలులేదు. టీకా అప్పటికే చవకగా, ఇక్కడనే తయారవుతున్నది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద, వ్యాధి ఉన్నవారికి ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 2.98 కోట్లమంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వారిలో అత్యధికులకు ఆ సంగతి తెలియదు.

తెలిసినవారికి మరొక కష్టం. కంచం వేరు పెడతారు, బిడ్డను ఎత్తుకోనివ్వరు, సంబంధం తప్పిపోతుంది. ఈ వైరస్ కలిసి భోజనం చేస్తే సోకదు, చేయి తాకితే సోకదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. క్షురకుని కత్తి, పచ్చబొట్టు సూది కూడా ప్రమాదమే. ఎండిన రక్తపు మరకలో వైరస్ ఏడు రోజుల వరకు సజీవంగా ఉండగలదు. ఇక ఆకుపసరు కంటిలో పిండించుకొని, మెడలో దండ వేయించుకొని, కామెర్లు దిగిపోయాయని సంతోషించేవారు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. నీటి ద్వారా వచ్చిన కామెర్లు పసరు వేసినా వేయకున్నా తగ్గుతాయి. హెపటైటిస్ బి అయితే, పచ్చదనం పోయిన తరువాత కూడా వైరస్ లోపల ఉండవచ్చు.

అన్నిటికంటె కీలకమైనది బిడ్డ పుట్టిన మొదటి ఇరవై నాలుగు గంటలు. తల్లి నుండి ప్రవేశించిన వైరస్ కాలేయంలో పాతుకొనేలోగా టీకా పడాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే తక్కిన మోతాదులు ఈ మొదటి మోతాదుకు బదులు కాజాలవు. ఆసుపత్రిలో ఆదివారం పుట్టిన బిడ్డకు, టీకాలు వేసే నర్సు సోమవారం వస్తుందని చెప్పి పంపివేస్తే, లేదా ఇంటివద్ద కాన్పు అయి ఆరోగ్య కార్యకర్తకు మూడవనాడు కబురు అందితే, ఆ గడువు దాటిపోతుంది. ప్రసూతి గదిలోనే శీతల పెట్టెలో సీసాను సిద్ధంగా ఉంచుకొన్న ఆసుపత్రులలో ఈ చిక్కు లేదు. బొడ్డు కోసి, బరువు తూచి, బిడ్డను తల్లి ప్రక్కన పడుకోబెట్టేలోగా నర్సు తొడకు సూది వేసి, కాగితం మీద వేళ వ్రాస్తుంది. మందు అర మిల్లీలీటరు. బిడ్డ ఒక్కసారి ఏడ్చి ఊరుకొంటుంది.