ఆఖరి పదడుగులు

జల్లెడతో కుంట తోడమంటే మనిషైతే చేతులెత్తేస్తాడు. ఇంగ్లండ్‌లో డెవన్ వైపు చెప్పుకునే కథలో ఒక దయ్యం మాత్రం తోడి చూపించింది. ఓక్‌హాంప్టన్ ఊరికి మేయరుగా చేసిన బెంజీ గేర్ చచ్చి దయ్యమై జనాన్ని పీడిస్తుంటే, వాణ్ని డార్ట్‌మూర్ బీడులోని క్రాన్‌మియర్ కుంట దగ్గరికి తరిమి, చేతికి జల్లెడిచ్చి, నీళ్లన్నీ అయ్యేదాకా కదలొద్దన్నారట. దయ్యం గొర్రెతోలు ఒకటి దొరకబుచ్చుకుని జల్లెడలో పరిచింది. కుంట ఖాళీ, కింద ఓక్‌హాంప్టన్‌కు వరద!

కథ మాటెలా ఉన్నా, ఆ కుంటలో ఇప్పుడు నీళ్లు లేవు. గడ్డీ బురదా నిండిన పల్లం, అంతే. అయినా డబ్బాలు దాచి వెతుక్కునే ఆటలన్నిటికీ పుట్టిల్లు అదే. 1854లో చాగ్‌ఫర్డ్ ఊరి జేమ్స్ పెరట్ అక్కడొక సీసా పెట్టాడు. పర్యాటకులను బీడులోకి వెంటబెట్టుకెళ్లి తిప్పడం ఆయన వృత్తి. అంతదూరం బురదలో నడిచి వచ్చినవాళ్లు గుర్తుగా తమ పేరు అచ్చువేసిన కార్డు ఆ సీసాలో వేసి వెళ్లేవాళ్లు. తర్వాత్తర్వాత చిరునామా రాసిన ఉత్తరాలు వదలడం మొదలెట్టారు. ఆ వెనక వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి తమ ఊళ్లో పోస్టు చేయాలి. పోస్ట్‌మ్యాన్ లేని తపాలా అన్నమాట. లెటర్‌బాక్సింగ్ అనే పేరు వచ్చింది ఇందుకే. 1907లో అక్కడికి రబ్బరు స్టాంపు చేరింది. ఆట రూపం దాంతో స్థిరపడింది: దొరికిన డబ్బాలోని స్టాంపు మన పుస్తకంలో గుద్దుకోవాలి, మన స్టాంపు డబ్బాలోని పుస్తకంలో గుద్దాలి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ దాచేసి రావాలి.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా అనిపిస్తుంది. పైగా ఆ కుంట ఉన్నది సైన్యం కాల్పులు సాధన చేసే ప్రాంతంలో. ఎర్రజెండా ఎగిరిన రోజున అటు అడుగు పెట్టకూడదు. అయినా డార్ట్‌మూర్‌లో వంద డబ్బాలు వెతికి పట్టినవాళ్లకు ‘హండ్రెడ్ క్లబ్’ అని ఒక క్లబ్బే ఉంది.

డబ్బా ఎక్కడుందో చెప్పే పద్ధతిలోనే అసలు మజా. డార్ట్‌మూర్‌లో ‘టోర్’ అనే రాతిగుట్టలు దూరానికి కూడా కనిపిస్తాయి. ‘ఈ గుట్ట ఇన్ని డిగ్రీల దిక్కున, ఆ గుట్ట అన్ని డిగ్రీల దిక్కున కనిపించేచోట నిలబడు, అక్కణ్నుంచి ఇన్ని అడుగులు నడిచి పెద్ద బండ కింద చూడు’ అన్న తరహాలో ఆనవాళ్లు రాస్తారు. చేతిలో దిక్సూచి, కళ్లలో వత్తులు. దిక్సూచి చదవడంలో ఒక్క డిగ్రీ తప్పితే కిలోమీటరు దూరాన ఉన్న గుట్టకు 17 మీటర్ల తేడా వస్తుంది, మూడు కిలోమీటర్ల దూరమైతే 50 మీటర్లు దాటుతుంది. అందుకే ఆఖర్న ఆ బండ గురించి ఒక మాట రాయక తప్పదు. అంకెలతో చెప్పాలనుకుంటే బ్రిటన్ సర్వే పటాల మీద గళ్ల లెక్క ఉంది. ఆరంకెల సంఖ్య ఇస్తే వంద మీటర్ల చదరంలోకి చేరతాం. ఎనిమిదంకెలైతే పది మీటర్లు.

ఈ వంద మీటర్ల లెక్కను కాస్త గుర్తుపెట్టుకోండి. 2000 సంవత్సరం దాకా మామూలు జనం చేతిలోని జీపీఎస్ కూడా దాదాపు అంతే తప్పు చూపించేది. అమెరికా సైన్యం సంకేతాలను కావాలనే చెడగొట్టి వదిలేది. అంటే 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలన్నీ కలిసి చెప్పేది ఆరంకెల పటం ముక్క చెప్పినంతే! ఆ ఏడాది మే 2న అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ చెడగొట్టడం ఆపేశారు. రాత్రికి రాత్రి లోకమంతా ఉన్న జీపీఎస్ పరికరాలకు చూపు వచ్చింది.

ఆ మర్నాడే, మే 3న, ఓరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ ఒక నల్ల బకెట్‌ను అడవిలో పెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక వడిసెల, ఒక చిక్కుడు గింజల డబ్బా. చోటు ఏదంటే ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. ‘కొంత తీసుకో, కొంత పెట్టు’ అన్నదే షరతు. మూడు రోజుల్లో ఇద్దరు పట్టేశారు. నెల తిరిగేలోపే ఆటకు జియోకాషింగ్ అని పేరు కూడా కుదిరింది. ఆ చిక్కుడు డబ్బా ఇప్పటికీ ఉంది. తినేవాడు లేడు గానీ, ఆటగాళ్ల సభలకు ఊరేగుతుంటుంది.

ఆ 17.460 దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. చుక్క తర్వాత ఉన్నవి సెకన్లు కావు, నిమిషంలో వెయ్యో వంతులు. దాన్ని 17 నిమిషాల 46 సెకన్లని చదివితే అసలు చోటుకు అర కిలోమీటరు పైన ఉత్తరాన తేలతాం. సరిగ్గా చదివితే ఆఖరి అంకె ఒకటి మారడమంటే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లే. అయితే చెట్ల కింద, బండల సందున చేతి పరికరానికి అంత కచ్చితం రాదు. చివరి పదడుగులూ మోకాళ్ల మీద వంగి రాళ్లు కదిపి చూసుకోవాల్సిందే. (మన దగ్గర పాత గుడి పక్కన ఫోను పట్టుకుని ఇలా రాళ్లు కదిపితే గుప్తనిధుల ముఠా అనుకుని చెట్టుకు కట్టేస్తారు. అది వేరే సంగతి.)

ఈ ఆట రికార్డులు మరీ విచిత్రం. ఇప్పటికీ ఆటలో ఉన్న డబ్బాల్లో వయసులో పెద్దది కాన్సస్ రాష్ట్రంలోని ‘మింగో’, 2000 మే 11 నాటిది. డబ్బాకూ డబ్బాకూ 161 మీటర్ల ఎడం ఉండాలన్న నియమాన్ని పట్టుకుని నెవాడా ఎడారి రోడ్డు వెంట వెయ్యికి పైగా వరసపెట్టి దాచారు. అది వెతకడం కాదు, కారు దిగి ఎక్కడం. నాకైతే ఆట అనిపించలేదు. అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర 2,300 మీటర్ల లోతున, వేడినీటి ఊటల పక్కన ఒకటుంది. జీపీఎస్ సంకేతం నీళ్లలోకి దిగనే దిగదు. 2008లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన రిచర్డ్ గారియట్ అక్కడా ఒకటి పెట్టాడు. గంటన్నరకోసారి భూమిని చుట్టేసే ఆ కేంద్రానికి ఏ అక్షాంశం రాస్తారు? రాకెట్ బయల్దేరిన బైకొనూర్‌ది రాసుకున్నారు. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవరులో ఈ ఆటగాళ్లు ఆచూకీ తీసే గుర్తుసంఖ్య ఉంది. దాన్ని పట్టాలంటే రోవరు పంపిన ఫొటోలో వెతికి చదువుకోవాలి. జీపీఎస్‌తోనే పుట్టిన ఆట, దాని ఘనమైన రికార్డులేమో జీపీఎస్ పనికిరాని చోట!

వయసులో 146 ఏళ్ల తేడా ఉన్న ఈ రెండు ఆటలకూ చుట్టరికం కుదిర్చింది ‘లెటర్‌బాక్స్ హైబ్రిడ్’ అనే రకం. దారిలో ఎక్కడో ఒకచోట జీపీఎస్ అంకెలు వాడితీరాలి, మొదలు చెప్పడానికైనా సరే. మిగతా దారంతా మాటల ఆనవాళ్లతో నడిపించవచ్చు. డబ్బాలో స్టాంపు ఉండటం తప్పనిసరి. బీడు దాకా అంకెలు, బండ దాకా మాటలు. నాకు నచ్చిన పద్ధతి ఇది.

చిక్కల్లా డబ్బా తెరిచాక. జియోకాషింగ్ వాళ్లకు డబ్బాలో సామాను కనిపిస్తే ఒకటి తీసి ఒకటి పెట్టడం అలవాటు. చేత్తో చెక్కిన ముచ్చటైన స్టాంపు వాళ్ల కంటికి మార్చుకునే వస్తువులాగే కనిపిస్తుంది. అందుకే ఇలాంటి డబ్బాల మూత లోపల ‘ఈ స్టాంపు డబ్బాదే, దయచేసి తీసుకెళ్లొద్దు’ అని పెద్దక్షరాలతో రాసి పెడుతుంటారు. అయినా పోయేవి పోతూనే ఉంటాయి. లెటర్‌బాక్సింగ్ ఆటవాడు బురద తొక్కుకుంటూ వచ్చి, సంచిలోంచి ఇంకు ప్యాడ్ తీసి, మూత తెరిచేసరికి స్టాంపు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ బొమ్మ కారు.