ఆగని గంట

కాలింగ్ బెల్ స్విచ్చి నొక్కితే గంట మోగుతుంది, వదిలితే ఆగుతుంది. స్విచ్చి లోపలే ఇరుక్కుపోతే? ఇల్లంతా గోల! మీ ఎముకల మూలుగలోని కణాలకూ ఇలాంటి స్విచ్చిలున్నాయి. బయటినుంచి సంకేతం అందితేనే కణం రెండవుతుంది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నొవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒకరకం రక్త కేన్సరు రోగుల కణాల్లో మరీ పొట్టి క్రోమోజోమును చూశారు. ఎందుకలా? 1973లో జానెట్ రౌలీ గుట్టు విప్పారు: 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారయ్యాయి! ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోవడంతో ఒక వింత ఎంజైము పుడుతుంది. ఎవరూ నొక్కకుండానే అది సంకేతాలు పంపుతూనే ఉంటుంది. ఇంకేం, తెల్లకణాలు లెక్కకు మించి పెరిగిపోతాయి.

ఈ ఎంజైము పనిచేయాలంటే దాని గుంటలో ఏ.టి.పి. అనే అణువు కూర్చోవాలి. ఇమాటినిబ్ అనే మందు ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది. 2001లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. రోజూ మాత్ర మింగుతూ ఎందరో ఏళ్ళ తరబడి జీవిస్తున్నారు. కాని గుంట ఆకారం కాస్త మారితే మందు పట్టదు. అప్పుడు వేరే మందు వాడాలి.