ఫిడేలు పలకాలంటే బిళ్ల కుదరాలి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిర్చి కళ్ళాల్లో ఎండే రోజులు దాటుతూ ఉండగానే శ్రీరామనవమి పందిళ్ళు లేస్తాయి. హరికథకుడికి ఒక పక్క మృదంగం, మరో పక్క ఫిడేలు. కథ రక్తి కట్టే వేళ ఫిడేలు కీచుమంటే ‘వాయించేవాడికి చేతకాలేదు’ అనేస్తారు జనం. కాని అన్నిసార్లూ తప్పు చేతిది కాదు. కమానుకు రాసే రోజిన్ బిళ్లది కూడా కావచ్చు.

పట్టు అంతా పొడిలోనే

కమానుకు కట్టేవి గుర్రపు తోక వెంట్రుకలు. ఒట్టి వెంట్రుకలు తీగ మీద జారిపోతాయి, నాదం రాదు. రోజిన్ రాస్తే ఆ పొడి తీగను పట్టి లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరగడం వల్లే తీగ మోగుతుంది. కబడ్డీ ఆటగాడు అరచేతులకు మట్టి రాసుకోవడం కూడా ఈ పట్టు కోసమే.

పైన్ చెట్టుకు గాటు పెడితే కారే బంకలోంచి టర్పెంటైన్ నూనెను ఆవిరి చేసి తీసేయగా మిగిలే గట్టి ముద్దే రోజిన్. మన దేశంలో హిమాలయ ప్రాంతాల పైన్ అడవుల్లో ఈ బంక తీస్తారు. సబ్బులు, కాగితం తయారీలోనూ, రేడియో తీగలు అతికే టంకంలోనూ రోజిన్ వాడతారు. ఫిడేలుకు మాత్రం శుద్ధి చేసి బిళ్లగా పోసినదే వాడాలి. ధూపానికి వేసే గుగ్గిలం వేరు, అది కమానుకు పనికిరాదు.

ఎండకు ఒకటి, చలికి ఒకటి

బిళ్లల్లో గట్టివి, మెత్తవి అని రెండు రకాలు. సాధారణంగా లేత తేనె రంగువి గట్టిగా, ముదురు రంగువి మెత్తగా ఉంటాయి. అయితే తయారీని బట్టి మారుతుంది కనుక రంగు ఒక్కటే చూసి కొనరాదు. ఎండ 40 డిగ్రీలు దాటే మన వేసవిలో మెత్తని బిళ్ల మరీ జిగటై, నాదం బరువెక్కుతుంది. నవమి ఉత్సవాలకు గట్టిదే మేలు. ధనుర్మాసపు చలిలో కాస్త మెత్తనిది బాగా పట్టు ఇస్తుంది. పెద్ద వాద్యమైన డబుల్ బాస్‌కు అమ్మే బిళ్ల మరీ మెత్తన, ఫిడేలుకు నప్పదు. ఖరీదైన విదేశీ బిళ్లే మంచిదని లేదు. జాగ్రత్తగా వాడితే ఒక్క బిళ్ల ఏళ్ళ తరబడి వస్తుంది.

రాసే పద్ధతి

కొత్త బిళ్ల నున్నగా ఉంటుంది. గరుకు కాగితంతో పైపైన రుద్దితేనే పొడి వస్తుంది. కమానును మొదటి నుంచి చివరి దాకా నిదానంగా లాగాలి. గబగబా రుద్దితే వేడెక్కి పొడి కరుగుతుంది. ఒకే చోట గాడి పడకుండా బిళ్లను తిప్పుతుండాలి. వాయిస్తుంటే తెల్లని పొడి రాలి, నాదం గరగరమంటే ఎక్కువైనట్టు. కమాను జారిపోయి ఈలలా పలికితే తక్కువైనట్టు.

గమకాల కోసం కొందరు ఎడమ చేతి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ చేత్తో కమాను వెంట్రుకలను తాకకూడదు. నూనె అంటిన చోట ఎంత రోజిన్ రాసినా పట్టు రాదు. వెంట్రుకలు మార్పించాలంటే, ఆ పని తెలిసినవారు ప్రతి ఊళ్ళోనూ ఉండరు.

కచేరీ అయ్యాక తీగల మీదా, చెక్క మీదా పడిన పొడిని పొడిగుడ్డతో తుడవాలి. వదిలేస్తే మెరుగుకు అతుక్కుపోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే మెరుగే పోతుంది. కమాను మర వదులు చేసి పెట్టెలో పెట్టాలి. పెట్టెను ఎండలో ఉంచితే బిళ్ల మెత్తబడుతుంది, కింద పడితే గాజులా పగులుతుంది. ఈ పొడి కొందరి చర్మానికి పడదు, దురద పెడితే వైద్యుణ్ణి చూడాలి.

మన వాద్యమే

ఫిడేలు పడమటి దేశాల నుంచి వచ్చింది. దీన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఘనత బాలుస్వామి దీక్షితులకు దక్కుతుంది. విజయనగరం సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు తెలుగువారి ఫిడేలుకు దేశమంతటా పేరు తెచ్చారు. విజయవాడ వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామికి 2021లోనూ, అద్దంకిలో పుట్టిన హరికథకుడు కోట సచ్చిదానందశాస్త్రికి 2023లోనూ పద్మశ్రీ వచ్చింది.

బిరుదులు కొందరికే. పందిట్లో పక్కవాద్యం వాయించి ఇల్లు గడుపుకునేవారికి ఆ రాత్రి నాదమే వచ్చే ఏటి పిలుపు తెస్తుంది. ఊరివారు కథ మాట్లాడుకునేటప్పుడే, వేసవికి తగిన బిళ్ల ఉందో లేదో విద్వాంసుణ్ణి అడిగి తెప్పించి ఇస్తే ఇరువురికీ మంచిది.